మంచు తోసే బండికి లైటు తిప్పలు

మంచు తోసే పికప్ ట్రక్కుకు హెడ్‌లైట్లు నాలుగు. రెండు బండితో పాటు కంపెనీ నుంచి వచ్చినవి. మరో రెండు, బండి ముందు తగిలించిన ఇనుప బ్లేడు వెనక ఫ్రేము మీద ఎత్తుగా బిగించినవి. ఆ బ్లేడు, ఫ్రేము కలిపితే ‘ప్లౌ’. నాలుగున్నా, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం వచ్చిందంటే ఏదో ఒక అర్ధరాత్రి వీటిలో ఒక్కటీ సరిగ్గా వెలగక డ్రైవర్లు తల పట్టుకుంటూనే ఉంటారు. బల్బు మార్చినా వెలగదు. ఫ్యూజు తీసి చూస్తే బాగానే ఉంటుంది. మీటరు పెడితే నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. కరెంటు వచ్చి కూడా లైటు వెలగకపోవడం ఏమిటన్నది అక్కడి మెకానిక్కులకు ఏటా ఎదురయ్యే ప్రశ్న.

మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్, మెయిన్ లాంటి చోట్ల హైవేల మీది మంచు తీసే పని ప్రభుత్వానిది. ఒక్క మిన్నెసోటా రవాణా శాఖకే 800కు పైగా భారీ ట్రక్కులున్నాయి. 2021లో ఆ శాఖ వాటిలో కొన్నింటికి పేర్లు పెట్టమని జనాన్ని అడిగితే ‘ప్లౌవీ మెక్‌ప్లౌఫేస్’ అనే చిలిపి పేరుకు అన్నిటికంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. అయితే అపార్ట్‌మెంట్ల పార్కింగులు, దుకాణాల ముందు జాగాలు, ఇళ్ల వాకిళ్లు ప్రభుత్వ ట్రక్కుల పని కాదు. అవి చిన్న కాంట్రాక్టర్ల చేతిలో ఉంటాయి. ఫోర్డ్ ఎఫ్-250, షెవీ సిల్వరాడో 2500, రామ్ 2500 లాంటి పికప్పులకు ముందు బ్లేడు తగిలించుకుని తిరిగేది వాళ్లే. మినియాపొలిస్‌లోనో డెట్రాయిట్ శివార్లలోనో ఉండే తెలుగు కుటుంబాలు తెల్లారి లేచేసరికి కార్ల మధ్య దారి శుభ్రమై ఉందంటే, ఆ బండి రాత్రి వచ్చి వెళ్లిందన్నమాట. ఆఫీసులు తెరిచేలోపు పని ముగించాలి కాబట్టి వాళ్ల డ్యూటీ అంతా చీకట్లోనే. పైన మంచు కురుస్తుండగా లైటు పోతే పని ఆగిపోతుంది, పక్కనున్న కారుకో కరెంటు స్తంభానికో బ్లేడు తగిలే ప్రమాదమూ ఉంటుంది.

లైటు మారే చోటు

బ్లేడు ఏడున్నర, ఎనిమిది అడుగుల వెడల్పు ఉంటుంది. ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లేటప్పుడు దాన్ని పైకెత్తుతారు. ఎత్తితే అది సరిగ్గా బండి హెడ్‌లైట్లకు అడ్డం వస్తుంది. అందుకే ఫ్రేము మీద ఇంకో జత లైట్లు పెడతారు. బ్లేడు తగిలించినప్పుడు బండి లైట్లు ఆరి పై లైట్లు వెలగాలి, బ్లేడు విప్పేస్తే మళ్లీ బండి లైట్లే వెలగాలి. డ్రైవరు చేతిలో ఉండేది మాత్రం ఎప్పటిలాగే డ్యాష్‌బోర్డు మీది ఒక్క స్విచ్.

పాతకాలం బండ్లలో ఈ మార్పిడికి విడిగా ఓ టాగుల్ స్విచ్ ఉండేది. కరెంటంతా ఆ స్విచ్ గుండానే పోయేది కాబట్టి కొన్నాళ్లకు దాని కాంటాక్టులు కాలిపోయేవి. ఆ తర్వాత రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును మార్చే స్విచ్‌లు వచ్చాయి. ఇప్పుడు వెస్టర్న్, ఫిషర్ వంటి బ్రాండ్ల ప్లౌలలో ‘ఐసొలేషన్ మాడ్యూల్’ అనే చిన్న పెట్టె బానెట్ కింద కూర్చుంటుంది. ఈ రెండు బ్రాండ్లూ మిల్వాకీ కేంద్రంగా ఉన్న డగ్లస్ డైనమిక్స్ కంపెనీవే. మిషిగన్‌లోని ఐరన్ మౌంటెన్ నుంచి వచ్చే బాస్, మేయర్ బ్రాండ్లకు ఎవరి వైరింగు వారిదే అయినా పని తీరు ఇంచుమించు ఒక్కటే.

ఈ మాడ్యూల్ లోపలి సంగతి తెలిస్తే సగం మరమ్మతు వచ్చినట్టే. మెకానిక్ మొదట బండి హెడ్‌లైట్ వెనక ఉన్న కప్లర్‌ను ఊడదీస్తాడు. దాన్ని లైటుకు కాకుండా ఒక అడాప్టర్‌కు కలుపుతాడు. కరెంటు ఆ అడాప్టర్ ద్వారా మాడ్యూల్లోకి వెళ్తుంది. అక్కడి నుంచి రెండు దారులు: ఒకటి వెనక్కి బండి లైటుకు, ఇంకొకటి బంపర్ దగ్గరుండే పెద్ద ప్లగ్గు మీదుగా బ్లేడు లైటుకు. ఆ ప్లగ్గు పెట్టారా లేదా అన్నదాన్ని బట్టి మాడ్యూల్ లోపలి రిలేలు దారి మారుస్తాయి.

ఈ అమరికలోనే ఓ పరీక్ష కూడా దాగుంది. లైట్లు మొరాయిస్తే అడాప్టర్‌ను తీసేసి, బండి సొంత కప్లర్‌ను మళ్లీ సొంత లైటుకు నేరుగా తగిలించాలి. వెలిగితే బండి స్విచ్, ఫ్యూజు, వైర్లు అన్నీ బాగున్నట్టు. తప్పు అడాప్టర్ నుంచి ప్లౌ వైపే ఉంది. వెలగకపోతే ప్లౌ జోలికి పోనక్కర్లేదు, బండినే చూసుకోవాలి. అయిదు నిమిషాల ఈ పని చేయకుండా మాడ్యూల్ పోయిందని తేల్చేసి కొత్తది తెప్పించి, అదీ పని చేయక రెంటికీ చెడ్డవాళ్లు ఎందరో.

ఉప్పు చేసే పని

ఇళ్లలో, మామూలు కార్లలో వైర్లు ఏళ్ల తరబడి చెక్కుచెదరవు. ప్లౌ బండి వైర్లకు ఆ భాగ్యం లేదు. గడ్డకట్టిన రోడ్ల మీద చల్లే ఉప్పే దానికి కారణం. అమెరికాలో రోడ్ల మీద ఉప్పు చల్లడాన్ని విధానంగా పెట్టుకున్న తొలి రాష్ట్రంగా 1940ల మొదట్లో న్యూహాంప్‌షైర్ పేరు చెబుతారు. ఇప్పుడు ఏటా కోట్ల టన్నుల్లో వాడుతున్నారు. డెట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. మామూలు ఉప్పు పని చేయనంత చలిలో కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణాలు చల్లుతారు. ఈ రెండింటికీ గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. బండి షెడ్డులో నిలబడి పైకి ఆరినట్టు కనిపించినా, వైరు అతుకుల్లో చేరిన ద్రావణం తడిగానే ఉండి లోహాన్ని తింటూనే ఉంటుంది.

బంపర్ దగ్గరి ప్లగ్గు ఈ ఉప్పు జల్లుకు ఎదురుగా ఉంటుంది. దాన్ని సీజన్లో ఎన్నోసార్లు తీసి పెడతారు. తీసినప్పుడు రబ్బరు మూత వేయడం మరిచిపోతే ఉప్పునీరు సూటిగా పిన్నుల మీదికే పోతుంది. ఇత్తడి పిన్నుల మీద ఆకుపచ్చటి చిలుము కడుతుంది. రాగి వైరు చివర ఎక్కడైనా తెరిచి ఉంటే ఉప్పునీరు ప్లాస్టిక్ తొడుగు లోపల పోగుల మధ్య నుంచి ఎగబాకి చాలా దూరం పోతుంది. పైకి నిగనిగలాడే వైరును చీల్చి చూస్తే లోపల రాగి నల్లబడి, వేలితో నలిపితే పొడిగా రాలుతుంది.

దీన్ని చేజేతులా తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. కరెంటు వస్తోందా అని చూడటానికి టెస్టర్ మొనను వైరు తొడుగులో గుచ్చుతారు. సూది బెజ్జమంత కంత చాలు, వచ్చే సీజనుకల్లా అక్కడ చిలుము తయారు. తొడుగును కోసుకుంటూ నొక్కి పట్టే ప్లాస్టిక్ క్లిప్పులతో వైరుకు వైరు కలపడమూ అంతే. ఇంటి మ్యూజిక్ సిస్టమ్‌కు పనికొస్తాయేమో గానీ ఉప్పునీటిలో ఒక చలికాలం నిలవవు.

మీటరు చెప్పే అబద్ధం

పాడైన వైరులో ముప్పై పోగులుండాల్సిన చోట ఒక్కటే మిగిలిందనుకుందాం. బల్బు ఊడదీసి ఆ కప్లర్లో మల్టీమీటర్ పెడితే అది 12 వోల్టులే చూపిస్తుంది. మీటరు లాక్కునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. ఆ కొంచెం కరెంటుకు ఒక్క పోగయినా చాలు. 55 వాట్ల హాలోజెన్ బల్బుకు నాలుగు ఆంపియర్లకు పైగా కావాలి. బల్బు పెట్టగానే ఆ ఒంటి పోగు తట్టుకోలేక వోల్టేజీ అక్కడే కుప్పకూలుతుంది. మీటరులో ఉన్న కరెంటు బల్బులో లేకపోవడం వెనక రహస్యం ఇదే. అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు అందుకే బల్బు తగిలించి, స్విచ్ వేసి ఉన్నప్పుడు మాత్రమే కొలత తీస్తారు. కాదంటే మీటరు పక్కన పెట్టి మామూలు బల్బుతో చేసిన టెస్ట్ ల్యాంపు వాడతారు.

ఎక్కువసార్లు దొరికేది కరెంటు వచ్చే దారిలోని లోపం కాదు, తిరిగి వెళ్లే దారిలోది. ఆ దారిని మన ఆటో ఎలక్ట్రీషియన్లు ‘ఎర్త్’ అంటారు. బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు దాకా వచ్చిన కరెంటు మళ్లీ మైనస్‌కు చేరితేనే వలయం పూర్తవుతుంది. తెలుగు ఊళ్లలో ట్రాక్టర్ ఉన్నవాళ్లకు ఇది తెలిసిన గొడవే. ట్రాలీకి విడిగా ఎర్త్ వైరు వేయకుండా కొక్కెం ఇనుమునే నమ్ముకుంటే, తుప్పు పట్టినకొద్దీ వెనక లైటు ఓసారి వెలిగి ఓసారి ఆరుతుంటుంది. పాత ప్లౌలలో కూడా ఫ్రేమును బండికి కలిపే పిన్నుల ఇనుమే ఎర్త్‌కు దారిగా ఉండేది. కొత్తవాటిలో విడిగా వైరు వస్తోంది. వైరు కొత్తదే అయినా దాన్ని బిగించిన బోల్టు కింద రంగు, తుప్పు ఉంటే లాభం లేదు.

ఎర్త్ బాగుందో లేదో పట్టుకోవడానికి ఒక పద్ధతుంది. ఇంజను నడుస్తుండగా, ప్లౌ లైట్లు వెలిగించి, మీటరు నల్ల తీగను బ్యాటరీ మైనస్ మీద పెట్టాలి. ఎర్ర తీగను బల్బు ఎర్త్ పిన్ను మీద పెట్టాలి. రెండూ ఎర్త్‌లే కాబట్టి మీటరు దాదాపు సున్నా చూపించాలి. 0.1, 0.2 వోల్టుల దాకా ఫరవాలేదు. 2 వోల్టులు చూపిందనుకుందాం. ఎర్ర తీగను బల్బు దగ్గర నుంచి ఒక్కో మెట్టు వెనక్కి తెస్తారు: ఫ్రేము మీది బోల్టు 2 వోల్టులు, ప్లగ్గులో ప్లౌ వైపు పిన్ను 1.9, ప్లగ్గులోనే బండి వైపు పిన్ను 0.2. తగ్గింది ఎక్కడో తెలిసిపోయింది. ప్లగ్గు పిన్నుల మధ్య కూర్చున్న చిలుమే దొంగ. ఏ భాగమూ విప్పకుండా, ఏ వైరూ కోయకుండా దొరికిపోయింది.

రెండు వోల్టులే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. హాలోజెన్ బల్బు వెలుగు వోల్టేజీతో పాటు సమానంగా తగ్గదు, దానికంటే చాలా వేగంగా పడిపోతుంది. 13.8 వోల్టులు అందాల్సిన బల్బుకు 11.8 అందితే వెలుగులో దాదాపు 40 శాతం పోతుంది. పోయిన శక్తి ఊరికే మాయం కాదు. రెండు బల్బుల కరెంటు ఎనిమిది ఆంపియర్లనుకుంటే, ఆ రెండు వోల్టుల దగ్గర 16 వాట్లు వేడిగా మారుతాయి. రేడియోలు బాగుచేసేవాళ్ల చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాంట్లో సగం పైచిలుకు వేడి ఓ ప్లాస్టిక్ ప్లగ్గు కడుపులో గంటల తరబడి ఉన్నట్టు. మెకానిక్కుల దగ్గరికి కరిగి, నల్లబడి వచ్చే ప్లగ్గుల కథంతా ఇదే. చిలుము గీకకుండా కొత్త ప్లగ్గు వేస్తే అదీ మళ్లీ కరుగుతుంది.

లక్షణాన్ని బట్టి రోగం

ఎర్త్ పూర్తిగా తెగిపోతే ఇంకా వింత జరుగుతుంది. ఒకే బల్బులో డిమ్‌కు ఒక తంతువు, బ్రైట్‌కు ఒక తంతువు ఉండి రెండింటికీ ఎర్త్ ఒక్కటే అయిన చోట ఇది కనిపిస్తుంది. ఎడమ బల్బు ఎర్త్ తెగిందనుకుందాం. డిమ్ వేస్తే కరెంటు ఎడమ డిమ్ తంతువులోంచి వచ్చి, వెళ్లే దారి లేక, అదే బల్బులోని బ్రైట్ తంతువులోంచి ఎదురెక్కుతుంది. అక్కడి నుంచి బ్రైట్ వైరు వెంబడి కుడి బల్బుకు పోయి, దాని బ్రైట్ తంతువు మీదుగా కుడివైపు ఎర్త్‌కు చేరుతుంది. మూడు తంతువులు పంచుకున్న కరెంటు కాబట్టి ఆ మూడూ మిణుకుమిణుకుమంటాయి, కుడి డిమ్ తంతువు మాత్రం మామూలుగానే వెలుగుతుంది. చూసేవాడికి ఎడమ బల్బు పోయినట్టుంటుంది. ఇండికేటర్ వేసినప్పుడల్లా హెడ్‌లైటు కూడా తాళం వేసినట్టు కొట్టుకుంటుంటే అదీ పాడైన ఎర్త్ పనే.

మిగతా లక్షణాలు ఇంత చిక్కువి కావు. గతుకుల్లో మాత్రమే ఆరి వెలుగుతుంటే ఎక్కడో వైరు ఒరుసుకుపోయింది, లేదా తొడుగు లోపల పోగులు తెగాయి. బ్లేడు పైకీ కిందికీ, పక్కలకూ కదిలే కీళ్ల దగ్గర ముందు వెతకాలి. బ్లేడు ఎత్తినప్పుడల్లా లైట్లు కాస్త మందగించడం మామూలే. ఎత్తే హైడ్రాలిక్ పంపు మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. బాగా మందగిస్తుంటే బ్యాటరీని, ఆల్టర్నేటర్‌ను, పంపు ఎర్త్ కేబులును చూడాలి. బ్లేడు తగిలించినా బండి లైట్లే వెలుగుతూ పై లైట్లు వెలగకపోతే, ప్లగ్గు పూర్తిగా కూర్చుందో లేదో చూసి, ఆ తర్వాతే మాడ్యూల్‌ను అనుమానించాలి. ఒక పక్క డిమ్ మాత్రమే పోయి మిగతావన్నీ బాగుంటే చాలాసార్లు అది నిజంగా బల్బే.

బండి మారితే

సెకండ్‌హ్యాండ్ ప్లౌ కొన్నవాళ్లకు మరో రకం తలనొప్పి. అమెరికాలో 1940 నుంచి కార్లకు సీల్డ్ బీమ్ లైట్లు తప్పనిసరిగా ఉండేవి. అద్దం, రిఫ్లెక్టర్, తంతువు అన్నీ ఒకే ముద్ద, పోతే మొత్తం మార్చాల్సిందే. 1983లో నిబంధన సడలించి విడి బల్బులను అనుమతించారు. అక్కడి నుంచి ప్రతి కంపెనీ తన మోడలుకు నచ్చిన బల్బు పెట్టుకుంది. హెచ్‌బీ1, హెచ్‌బీ5 బల్బుల కప్లర్లు చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి గానీ పిన్నుల వరుస వేరు. ఒకదాని అడాప్టర్ ఇంకోదానికి వాడితే డిమ్ వేసినప్పుడు ఒకటి, బ్రైట్ వేసినప్పుడు ఇంకొకటి వెలుగుతూ మనిషిని తికమకపెడతాయి. పైగా కొన్ని బండ్లలో స్విచ్ ప్లస్ వైపు ఉంటే, కొన్నింట్లో బల్బుకు ప్లస్ ఎప్పుడూ అందుతూ స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది. ఒక రకానికి చేసిన మాడ్యూల్ ఇంకో రకానికి కుదరదు. ప్లౌ కంపెనీలు బండి పేరు, మోడలు, సంవత్సరం, బల్బు రకం ప్రకారం విడివిడిగా కిట్లు అమ్మేది ఇందుకే.

కొత్త ట్రక్కుల్లో హెడ్‌లైటును నడిపేది కంప్యూటరు. బల్బు ఎంత కరెంటు తాగుతోందో అది కనిపెడుతూ ఉంటుంది. తక్కువైతే బల్బు పోయిందని హెచ్చరిక చూపిస్తుంది. ఎక్కువైతే షార్ట్ అనుకుని సరఫరా ఆపేస్తుంది. పగటి లైట్లను సగం వెలుగులో ఉంచడానికి కరెంటును సెకనుకు వందసార్లో అంతకంటే ఎక్కువో ఆపి వదిలే బండ్లూ ఉన్నాయి. అలాంటి కరెంటుతో పాత రిలే కటకటలాడుతుంది తప్ప నిలకడగా పట్టదు. ఇలాంటి బండిలో పాత పద్ధతిలో వైరు కోసి అతికితే లైటు మాట దేవుడెరుగు, కంప్యూటరు మాడ్యూల్ మార్చాల్సి వస్తుంది. అసలు కంటే కొసరు ఎక్కువయ్యే బేరం అది.

ఎల్ఈడీ వచ్చాక కరెంటు భారం తగ్గింది గానీ కొత్త చిక్కు మొదలైంది. హాలోజెన్ బల్బు వేడికి అద్దం మీద పడ్డ మంచు కరిగిపోయేది. ఎల్ఈడీ ముందువైపు చల్లగా ఉంటుంది కాబట్టి మంచు పేరుకుని వెలుగును మూసేస్తుంది. లైటు పోయిందని దిగి చూస్తే లోపల వెలుగుతూనే ఉంటుంది. విస్కాన్సిన్‌కు చెందిన జె.డబ్ల్యు. స్పీకర్ వంటి కంపెనీలు అద్దాన్నే వెచ్చబెట్టే ఏర్పాటున్న ప్లౌ లైట్లు తెచ్చింది ఈ అవసరంతోనే. ఎల్ఈడీ తక్కువ కరెంటు తీసుకోవడం వల్ల ఇండికేటర్ గబగబా కొట్టుకోవడం, బల్బు పోయిందని తప్పుడు హెచ్చరిక రావడం కూడా మామూలే. ఆ బండికి తగిన మాడ్యూలో రెసిస్టరో వేస్తే సర్దుకుంటుంది.

అక్టోబరులో చేసే పని

మంచు పడకముందే, అక్టోబరులో, ఒక మధ్యాహ్నం కేటాయిస్తే ఈ తిప్పల్లో చాలావరకు రావు. ప్లగ్గు పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో, చిన్న బ్రష్షుతో శుభ్రం చేసి డైఎలక్ట్రిక్ గ్రీజు పలచగా పూస్తారు. ఈ గ్రీజు కరెంటును పారనివ్వదు కదా, పిన్నుల మీద ఎలా పూస్తారని కొందరి అనుమానం. ప్లగ్గు గట్టిగా నొక్కినప్పుడు లోహం లోహాన్ని తాకే చోట గ్రీజు పక్కకు జరిగిపోతుంది, చుట్టూ ఉన్నది నీరు చొరబడకుండా కాపలా కాస్తుంది. ఎర్త్ బోల్టులు విప్పి, కింద ఇనుము మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించి పైన గ్రీజు రాస్తారు. చెడిన వైరును నల్లదనం పోయి ఎర్రటి రాగి కనిపించేదాకా కోసేసి, లోపల జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టం తొడిగి అతుకుతారు.

తర్వాత బండిని చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో నిలిపి ఒక్కో లైటూ వేసి చూస్తారు. ముందు బ్లేడు లేకుండా పార్కింగ్, డిమ్, బ్రైట్, ఎడమ ఇండికేటర్, కుడి ఇండికేటర్. ఇంజను ఆపి, లైట్లు ఆర్పి, బ్లేడు తగిలించి ప్లగ్గు పెట్టాక మళ్లీ అవన్నీ వరుసగా. ప్లౌ లైట్లు ఎత్తులో ఉంటాయి కాబట్టి గోడ మీద వెలుగు ఎక్కడ పడుతోందో చూసి, ఎదుటివాళ్ల కళ్లలో కొట్టకుండా కంపెనీ పుస్తకం చెప్పిన కొలతకు దించుతారు. ఈ సర్దుబాటు బ్లేడు ఎత్తి, ప్రయాణంలో ఉండే స్థితిలోనే చేయాలి. పని అయ్యాక ప్లగ్గు తీసి, బండి వైపుకూ బ్లేడు వైపుకూ రెండింటికీ రబ్బరు మూతలు వేసి, మొదటి మంచు దాకా బ్లేడును షెడ్డులో పెట్టేస్తారు.